మధుమేహంతో కాపురం

జబ్బుల్లో వచ్చి పోయేవి కొన్ని, వచ్చాక ఇక పోనివి కొన్ని. టైఫాయిడో న్యుమోనియానో వస్తే మనిషి మంచం పడతాడు, వైద్యుడు మందిస్తాడు, నయమయ్యాక ఎవరి దారి వారిది. మధుమేహం, రక్తపోటు, ఉబ్బసం, మూర్ఛ, కీళ్లవాతం, మూత్రపిండాల వైఫల్యం వంటి దీర్ఘవ్యాధుల్లో చికిత్స ఉంటుంది గాని సెలవు ఉండదు. పైగా ఆ చికిత్సలో సింహభాగం రోగి చేతుల మీదుగానే జరగాలి. మూడు నెలలకోసారి పది నిమిషాలు డాక్టరును కలిసే షుగర్ రోగి, తక్కిన కాలమంతా ఏం తినాలో, ఎప్పుడు తినాలో, ఎంత నడవాలో, ఏ మాత్ర ఏ పూట వేసుకోవాలో తనే తేల్చుకోవలసి ఉంటుంది. ఇంట్లో వంట చేసేవారు, ఆఫీసులో పక్కన కూర్చునేవారు, పండక్కి పిలిచే బంధువులు, ఆస్పత్రి వరండాలో అదే చీటీ పట్టుకుని ఎదురుచూసే మరో రోగి, వీరందరి ప్రమేయమూ ఆ నిర్ణయాల్లో ఉంటుంది. కాబట్టి మధుమేహం గురించి చెప్పేటప్పుడు క్లోమం గురించి ఎంత చెప్పాలో, రోగి చుట్టూ ఉన్న మనుషుల గురించీ అంత చెప్పాలి.

భారత వైద్య పరిశోధన మండలి 2008 నుంచి 2020 వరకు 31 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో 1,13,043 మందిని పరీక్షింపజేసి 2023లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. పట్టణాల్లో పెద్దవారిలో 16.4 శాతం, పల్లెల్లో 8.9 శాతం మందికి ఈ జబ్బు ఉన్నట్టు తేలింది. అనంతపురం, చిత్తూరు, కర్నూలు, పాలమూరు జిల్లాల నుంచి మేస్త్రీ పనికీ, సాఫ్ట్‌వేర్ కొలువుకీ తరలివచ్చిన తెలుగువారు, తరతరాలుగా అక్కడే స్థిరపడిన తెలుగువారు లక్షల్లో ఉన్న బెంగళూరులో, షుగర్ లేని బంధువర్గం దొరకడం కష్టమే. అదే పరిశోధక బృందం 2022లో ప్రకటించిన మరో లెక్క అంతకన్నా ఆలోచింపజేస్తుంది: జబ్బు ఉందని తెలిసి వైద్యం పొందుతున్నవారిలోనూ రక్తంలోని గ్లూకోజు అదుపులో ఉన్నది 36.3 శాతం మందికే. గ్లూకోజు, రక్తపోటు, కొలెస్ట్రాల్ మూడూ అదుపులో ఉన్నవారు 7.7 శాతమే. ప్రతి ముగ్గురు రోగుల్లో ఇద్దరు విఫలమవుతున్న పనిని వ్యక్తుల బద్ధకంగానో, నోరు కట్టుకోలేని బలహీనతగానో కొట్టిపారేయడం న్యాయం కాదు. ఆ పని ఎంత బరువైనదో, అది ఎవరి నెత్తిన ఎలా పడుతోందో ముందు చూడాలి.

తిన్న ఆహారం గ్లూకోజుగా మారి రక్తంలో చేరుతుంది. దాన్ని కండరాలూ ఇతర కణజాలాలూ వాడుకోవడానికి క్లోమం స్రవించే ఇన్సులిన్ అనే హార్మోను కావాలి. టైప్-1 మధుమేహంలో, శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను నాశనం చేస్తుంది; ఎక్కువగా పిల్లల్లో, యువతలో కనిపించే ఈ రకానికి తొలిరోజు నుంచే ఇన్సులిన్ తప్ప మార్గం లేదు. టైప్-2లో ఇన్సులిన్ ఉన్నా శరీరం దానికి సరిగా స్పందించదు, క్రమంగా దాని ఉత్పత్తీ తగ్గిపోతుంది. భారతీయుల్లో లావు లేనివారికి కూడా ఇది రావడానికి కారణాన్ని పుణెకు చెందిన చిత్తరంజన్ యాజ్నిక్ విశదీకరించారు: చూడటానికి సన్నగా ఉన్నా భారతీయ శరీరంలో కండ తక్కువ, కొవ్వు ఎక్కువ, ఆ కొవ్వు కూడా పొట్ట చుట్టూ చేరుతుంది. నియంత్రణను కొలిచే ప్రధాన పరీక్ష పేరు హెచ్‌బీఏ1సీ. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది కాబట్టి, దానిలోని హిమోగ్లోబిన్‌కు అంటుకున్న గ్లూకోజు శాతం గత రెండు మూడు నెలల సగటు స్థితిని చెబుతుంది. జనం దీన్నే ‘మూడు నెలల షుగర్’ అంటారు. 6.5 శాతం, అంతకు మించితే మధుమేహం, 5.7 నుంచి 6.4 వరకు అంచున ఉన్నట్టు.

ఈ కొలతల వెనుక దాగిన శ్రమకు ఒక స్వరూపమిచ్చినవారు అమెరికన్ సామాజిక శాస్త్రవేత్తలు జూలియట్ కోర్బిన్, ఆన్సెల్మ్ స్ట్రాస్. దీర్ఘరోగం ఉన్న ఇళ్లను పరిశీలించి 1988లో పుస్తకం వెలువరించిన ఈ ఇద్దరూ, అలాంటి ఇంట్లో మూడు రకాల పని ఏకకాలంలో సాగుతుందని అన్నారు: మందులు, పరీక్షలు, పథ్యం వంటి జబ్బు పని, వంట, సంపాదన, పిల్లల చదువు వంటి రోజువారీ పని, ‘ఇకపై నేనెవరిని’ అన్న ప్రశ్నకు జవాబు వెతుక్కునే జీవిత కథ పని. మొదటి పనిని డాక్టరు చీటీ మీద రాస్తారు. రెండోది ఇంట్లో అందరికీ కనిపిస్తుంది. మూడోది ఎవరికీ కనిపించదు గాని, తక్కిన రెండింటినీ కుంగదీసేదీ నిలబెట్టేదీ అదే.

బెంగళూరు నగరం ఈ మూడు పనులనూ ఒకదానితో ఒకటి ఢీకొట్టిస్తుంది. భోజనానికి అరగంట ముందు వేసుకోవలసిన మామూలు ఇన్సులిన్‌ను, ఇంటికి వెళ్లగానే తినవచ్చనే లెక్కతో ఆఫీసులోనే వేసుకుని బస్సెక్కిన ఉద్యోగి సిల్క్ బోర్డు కూడలి దగ్గర గంటసేపు ఆగిపోతే, లోపలికి వెళ్లిన మందు తన పని తాను చేసుకుపోతుంది, రావలసిన అన్నం మాత్రం రాదు. అలా గ్లూకోజు డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కన్నా తగ్గిపోవడాన్నే వైద్యులు హైపోగ్లైసీమియా అంటారు, జనం ‘షుగర్ డౌన్ అయింది’, ‘లో అయింది’ అంటారు. చెమటలు పట్టడం, చేతులు వణకడం, గుండె దడ, ఆకలి, చిరాకు, మాట తడబడటం దీని లక్షణాలు. తాగి ఉన్నాడేమోనని పక్కవారు దూరం జరిగే ప్రమాదమూ ఉంది. ఆ క్షణంలో రోగికి కావలసింది 15 గ్రాముల గ్లూకోజు, అంటే మూడు చెంచాల చక్కెర కలిపిన నీళ్లు. 15 నిమిషాలు ఆగి మళ్లీ చూసి, గ్లూకోజు పెరగకపోతే మరోసారి ఇచ్చి, తేరుకున్నాక ఏదైనా తినిపించాలి. మన దేశంలో చాలామంది వాడే వోగ్లిబోస్ అనే మాత్ర, చక్కెర పేగుల్లో విడిపోవడాన్ని ఆలస్యం చేస్తుంది కనుక, ఆ మందు వాడేవారికి చక్కెర కన్నా గ్లూకోజు పొడే మేలు. స్పృహ తప్పినవారి నోట్లో మాత్రం ఏదీ పోయకూడదు. 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి తీసుకువెళ్లాలి. షుగర్ రోగి పక్కన పనిచేసే ప్రతి వ్యక్తికీ ఈ నాలుగు ముక్కలు తెలిసి ఉండాలి. అలా తెలియాలంటే రోగి తన జబ్బు సంగతి బయట చెప్పుకోగలగాలి. చెబితే ప్రమోషన్ ఆగుతుందనో, పెళ్లి సంబంధం తప్పిపోతుందనో భయం ఉన్నంతకాలం అది జరగదు.

తిండి విషయంలో ఇంట్లోవారి ప్రేమ కొన్నిసార్లు తప్పుదారి పట్టిస్తుంది. రాగి సంకటి, కన్నడిగుల రాగి ముద్దె రెండూ బెంగళూరు తెలుగు ఇళ్లలో నిత్యం ఉండేవే కాబట్టి, అన్నం మాని రాగి తింటే షుగర్ పెరగదన్న నమ్మకం బలంగా పాతుకుపోయింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం, 11 గ్రాముల పీచు ఉన్న మాట నిజమే, ఆ రెండింట్లో బియ్యం దాని దరిదాపులకు రాదు. కానీ అదే 100 గ్రాముల్లో సుమారు 67 గ్రాముల పిండిపదార్థం కూడా ఉంది. మెత్తగా దంచిన పిండితో చేసిన పెద్ద ముద్ద ఒకటి, దానితోపాటు నీళ్ల పులుసు మాత్రమే తింటే రక్తంలో గ్లూకోజు పెరిగి తీరుతుంది. ముద్ద పరిమాణం తగ్గించి, పక్కన పప్పు, ఆకుకూర, చిక్కుడు, గుడ్డు వంటివి పెంచితే రాగికి ఉన్న మేలు దక్కుతుంది. ఫలానాది తింటే షుగర్ పోతుందని చెప్పే ప్రతి సలహా వెనుకా ఇలాంటి సగం నిజమే ఉంటుంది.

సలహాల దగ్గరే బంధాలు బెడిసికొడతాయి. సంక్రాంతికి ఎళ్ళు-బెల్లం (నువ్వులు, బెల్లం) చేతిలో పెట్టి, ఉగాదికి బొబ్బట్టు వడ్డించి, ‘ఒక్కటి తింటే ఏం కాదులే’ అని బలవంతపెట్టేదీ, వారం తిరగకముందే ‘అన్ని స్వీట్లు తింటే షుగర్ తగ్గమంటే ఎట్లా తగ్గుతుంది’ అని తప్పుపట్టేదీ తరచు ఒకే నోరు. ఇంట్లోవారు పళ్లెం మీద నిఘా పెట్టడం, ప్రతి రీడింగుకూ సంజాయిషీ అడగడం మొదలుపెడితే, రోగి మొదట దాచుకుని తినడం నేర్చుకుంటాడు, తరువాత మీటరుతో పరీక్షించుకోవడమే మానేస్తాడు. అమెరికా మనస్తత్వవేత్త విలియం పొలోన్‌స్కీ, బోస్టన్‌లోని జాస్లిన్ కేంద్రంలో సహచరులతో కలిసి 1995లో ఈ అలసటను కొలిచే ప్రశ్నావళిని రూపొందించారు. జబ్బు చాకిరీ వల్ల కలిగే విసుగు, భయం, అపరాధభావం, ఎవరికీ అర్థం కాదన్న నిరాశ కలిసిన ఈ స్థితిని మధుమేహ వేదన అంటారు. ఇది డిప్రెషన్‌కు భిన్నమైనది. అయితే మధుమేహం ఉన్నవారిలో డిప్రెషన్ కూడా ఇతరుల కన్నా దాదాపు రెట్టింపు. స్త్రీల విషయంలో ఈ వేదన మరో రూపం దాలుస్తుంది. ఢిల్లీ మహిళల మధ్య పరిశోధించి 2018లో పుస్తకం రాసిన మానవశాస్త్రవేత్త లెస్లీ జో వీవర్, కుటుంబ బాధ్యతలకూ సొంత పథ్యానికీ పోటీ వచ్చినప్పుడు ఆ స్త్రీలు తమ ఆరోగ్యాన్నే పక్కకు నెట్టడం గమనించారు. బెంగళూరు తెలుగు ఇల్లాలికీ ఇది వర్తిస్తుంది: అత్తగారికి మెత్తటి అన్నం, పిల్లలకు దోసె, భర్తకు చపాతీ చేశాక తనకోసం మరో వంట వండుకునే తీరిక ఆమెకు ఉండదు, అడిగి చేయించుకునే అలవాటు అంతకన్నా ఉండదు. ఏం తిన్నావని అడిగేవారు ఇంట్లో చాలామంది ఉంటారు. ఆమెకు కావలసింది ఏం చేసిపెట్టమంటావని అడిగే మనిషి ఒక్కరు.

రోగినే తప్పుపట్టే అలవాటు ఎంత పాతదో, ఎంత తప్పుడుదో రుజువైనదీ ఈ నగరం నుంచే. బెంగళూరులో 1959లో ఏర్పడిన జాతీయ క్షయ సంస్థకు చెందిన దేబబర్ బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్‌తో కలిసి తుమకూరు జిల్లాలో ఒక అధ్యయనం చేశారు; అది 1963లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వెలువడింది. పల్లె జనానికి అజ్ఞానం, నిర్లక్ష్యం ఉన్నందువల్లనే క్షయ ముదిరే దాకా వైద్యానికి రారన్నది అప్పటి వైద్యలోకపు నమ్మిక. వాస్తవానికి రోగుల్లో అత్యధికులు తమ లక్షణాలను గుర్తించారు, సగం మందికి పైగా ప్రభుత్వ వైద్యశాలల గడప తొక్కారు కూడా. అక్కడివారు దగ్గు మందు సీసా చేతికిచ్చి వెనక్కి పంపేశారు. లోపం రోగిలో కన్నా రోగిని అందుకోవలసిన ఏర్పాటులోనే ఎక్కువగా ఉందని ఆ అధ్యయనం తేల్చింది. 2003లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన నివేదిక ప్రకారం సంపన్న దేశాల్లోనూ దీర్ఘరోగుల్లో మందులు సక్రమంగా వాడేవారు సగటున సగం మందే. మధుమేహం ఉన్నవారికి క్షయ సోకే ముప్పు రెండు మూడు రెట్లు ఎక్కువ కాబట్టి ఈ రెండు జబ్బుల కథలూ నేడు ఒకే మనిషిలో కలుస్తున్నాయి. క్షయ తేలిన ప్రతి ఒక్కరికీ షుగర్ పరీక్ష చేయాలన్నది ఇప్పుడు జాతీయ కార్యక్రమంలోని నియమం.

దీర్ఘరోగుల మధ్య ఏర్పడే స్నేహానికి విలువ ఉంది, ప్రమాదమూ ఉంది. ఒకరి అలసట మరొకరికి వివరణ లేకుండానే అర్థమవుతుంది. అయితే ఒకరి మందు, ఒకరి పథ్యం, ఒకరి సిరంజి మరొకరికి పనికిరావు. మన దేశంలో ఇన్సులిన్ సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, పెన్నుల్లో వాడే కార్ట్రిడ్జులు 100 యూనిట్లవి; 40 యూనిట్ల సిరంజికి ఎర్ర మూత, 100 యూనిట్ల సిరంజికి నారింజ మూత ఉంటుంది. పక్కింటివారి దగ్గర అరువు తెచ్చిన ఎర్ర మూత సిరంజితో 100 యూనిట్ల మందు తీసుకుంటే, గీత 20 దగ్గర చూపినా ఒంట్లోకి వెళ్లేది 50 యూనిట్లు. ఆ రాత్రి షుగర్ పడిపోయి మనిషి లేవకపోవచ్చు.

పథ్యాల సంగతి ఇంకా చిక్కైనది. షుగర్ రోగికి ఆకుకూరలు, పప్పులు పెంచమంటారు. మూత్రపిండాలు బాగా దెబ్బతిని రక్తంలో పొటాషియం పెరిగినవారికి అరటిపండు, కొబ్బరినీళ్లు, కొన్ని ఆకుకూరలు తగ్గించమంటారు, నీళ్లకూ కొలత పెడతారు. విక్టోరియా ఆస్పత్రి ఆవరణలోని నెఫ్రో-యూరాలజీ సంస్థ వంటి చోట్ల వారానికి రెండు మూడుసార్లు, ప్రతిసారీ నాలుగు గంటల పాటు డయాలసిస్ మీద ఉండేవారిని పలకరించడానికి వెళ్లే బంధువు కొబ్బరిబోండం పట్టుకువెళితే, ప్రేమతోనే హాని చేసినవాడవుతాడు. ఈ రెండు జబ్బులూ ఒకే ఒంట్లో కలిసినప్పుడు లెక్కలన్నీ మారతాయి. ఇన్సులిన్‌ను వదిలించుకునే పనిలో కొంత భాగం మూత్రపిండాలదే కాబట్టి, అవి చెడే కొద్దీ ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది, గ్లూకోజు తగ్గుతుంది, మందు అవసరం కూడా తగ్గుతుంది. పదిహేనేళ్లుగా షుగర్ ఉన్న పెద్దాయనకు మాత్రలు తగ్గించినా రీడింగు బాగుంటే, ఇంట్లోవారు జబ్బు నయమైందని మొక్కు తీర్చుకుంటారు. నిజానికి అప్పుడు చేయించవలసింది క్రియాటినిన్ పరీక్ష, మూత్రంలో అల్బుమిన్ పరీక్ష. ఈ ఒక్క విషయం తెలియకపోవడం వల్ల డయాలసిస్ దాకా వెళ్లే ఇళ్లు తగ్గాలంటే, ఇప్పటికే ఆ దారిలో నడిచిన కుటుంబాలు కొత్తవారికి చెప్పడమే అన్నిటికన్నా చవకైన వైద్యవిద్య.

ఒకరికొకరు తోడుగా నిలిచే పద్ధతిని కేరళలో శాస్త్రీయంగా పరీక్షించారు. 60 పోలింగ్ ప్రాంతాల్లో, షుగర్ వచ్చే ముప్పు ఉన్న 1,007 మందితో స్థానికులే నాయకులుగా నడిపిన ఆ ప్రయోగపు ఫలితాలు 2018లో వెలువడ్డాయి. రెండేళ్లలో మధుమేహం వచ్చినవారి సంఖ్యలో గణాంకపరంగా నిలిచే తేడా రాలేదు. కానీ పొగాకు, మద్యం వాడకం తగ్గింది, పళ్లూ కూరగాయల వాడకం, జీవన నాణ్యత కొంత మెరుగుపడ్డాయి. తోడు మందుకు బదులు కాదు, మందును మోయగలిగే శక్తిని మాత్రం ఇస్తుంది. కబ్బన్ పార్కులో, లాల్‌బాగ్‌లో పొద్దున్నే కలిసి నడిచే గుంపులకు ఉన్న నిజమైన బలం కూడా అంతవరకే, అది చిన్నదేమీ కాదు.

ఇన్సులిన్ చుట్టూ అల్లుకున్న భయమే రోగులను రోగుల నుంచి వేరుచేస్తోంది. ‘సూది దాకా వచ్చిందంటే ఆఖరి దశ’ అన్న మాట మాత్రలతో నడిపేవారు ఇన్సులిన్ వేసుకునేవారిని జాలిగా చూడటానికి కారణమవుతోంది. టైప్-2 బయటపడే నాటికే బీటా కణాల సామర్థ్యంలో దాదాపు సగం పోయి ఉంటుందని బ్రిటన్‌లో జరిగిన యూకేపీడీఎస్ అధ్యయనం తేల్చింది. ఆ క్షీణత కొనసాగుతుంది కాబట్టి కొన్నేళ్లకు ఇన్సులిన్ అవసరం కావడం జబ్బు స్వభావమే, రోగి ఓటమి కాదు. 1922 జనవరిలో టొరంటోలో తొలి రోగికి ఎక్కించిన ఇన్సులిన్ పశువుల క్లోమం నుంచి తీసినది. 2004లో బెంగళూరుకు చెందిన బయోకాన్, పికియా అనే ఈస్టు సాయంతో మానవ ఇన్సులిన్‌ను తయారుచేసి మార్కెట్లోకి తెచ్చింది. ఫ్రిజ్ లేని కార్మికుల గుడిసెలో సైతం, తడి గుడ్డ చుట్టిన మట్టికుండలో చల్లగా ఉంచితే వాడుకలో ఉన్న సీసా సాధారణంగా నాలుగు వారాల వరకు పనికొస్తుంది. షుగర్ పరీక్షకూ మందులకూ బెంగళూరు వార్డుల్లో ప్రభుత్వ నమ్మ క్లినిక్కులు ఉన్నాయి, క్లిష్టమైన కేసులకు ప్రభుత్వానికే చెందిన కర్ణాటక ఎండోక్రైనాలజీ పరిశోధన సంస్థ ఉంది, కళ్ల పరీక్షకు మింటో ఆస్పత్రి ఉంది. ఏడాదికోసారి రెటీనా, పాదాలు, మూత్రం పరీక్షించుకోవడం షుగర్ ఉన్న అందరికీ అవసరం.

అన్నిటికన్నా ఎక్కువ అన్యాయం జరుగుతున్నది టైప్-1 పిల్లలకు. అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య 2021 అంచనా ప్రకారం దేశంలో 20 ఏళ్ల లోపువారిలో సుమారు 2.29 లక్షల మందికి ఈ జబ్బు ఉంది, మరే దేశంలోనూ ఇంతమంది లేరు. స్వీట్లు ఎక్కువ తినిపించారా అని తల్లిని అడిగేవారికి, ఈ రకానికీ తీపికీ సంబంధం లేదని చెప్పాలి. ఈ పిల్లలు పరీక్ష హాల్లోకి చక్కెర బిళ్లలు, పళ్లు, నీళ్ల సీసా తీసుకువెళ్లడానికి సీబీఎస్ఈ 2017లోనే అనుమతించింది. తరగతి గదిలో గ్లూకోజు చూసుకోవడానికీ, ఇన్సులిన్ వేసుకోవడానికీ, అవసరమైనప్పుడు తినడానికీ వీలు కల్పించాలని జాతీయ బాలల హక్కుల సంరక్షణ కమిషన్ 2023లో రాష్ట్రాలకు సూచించింది. బెంగళూరులోని ప్రతి పాఠశాల యాజమాన్యమూ ఈ సూచనలను ఉపాధ్యాయుల చేత చదివించి, ప్రతి తరగతిలో కనీసం ఒక టీచరుకు షుగర్ పడిపోయిన పిల్లవాణ్ని గుర్తించడం నేర్పించాలి. ప్రతి కార్యాలయమూ ప్రథమ చికిత్స పెట్టెలో ఒక గ్లూకోజు పొట్లం, మరుగుదొడ్డిలోకి వెళ్లనవసరం లేకుండా ఇన్సులిన్ వేసుకోవడానికి ఒక శుభ్రమైన గది ఏర్పాటు చేయాలి.